కానాగంతల లెక్క

అనంతగిరి కొండల వాన భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ సముద్రాన్ని అంకెల్లో చదివే విద్య ఇప్పుడు కొండ మీది పిల్లలకూ అందుబాటులో ఉంది. కాకపోతే కంప్యూటర్ ఒక్కటీ వస్తే సరిపోదు.

అరకు సంతలో ఎండుచేపల వరస ఎక్కడుందో ఎవరినీ అడగక్కర్లేదు, వాసనే దారి చూపిస్తుంది. రాజ్‌మా, పసుపు, మిరియాలు, చింతపండు కొండ సరుకు. నెత్తళ్లు, ఉప్పు పట్టించిన కానాగంతలు మాత్రం విశాఖ తీరం నుంచి ఘాట్ రోడ్డెక్కి వస్తాయి. అంబలిలోకి ఓ ఎండుచేప ముక్క ఉంటే కొండ ఊళ్లలో ఆ పూటకి ఇంకేం కూర వెతుక్కోరు. సముద్రాన్ని ఒక్కసారీ చూడని ఇళ్లలో కూడా ఆ ఉప్పు రుచి తరతరాలుగా ఉంది.

నీళ్ల ప్రయాణం దీనికి ఎదురు. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి రిజర్వాయరు దాటుకుని భీమిలి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. శారదా ఈ కొండల్లోనే పుట్టింది. మాచ్‌ఖండ్, సీలేరు నీళ్లు శబరి మీదుగా గోదావరిలో పడి, చుట్టు తిరిగైనా అదే సముద్రానికి చేరతాయి.

మరి ఆ సముద్రంలో కానాగంతలు ఎన్నున్నాయి? నిరుటి కంటే తగ్గాయా, పెరిగాయా? నీళ్లు వేడెక్కితే ఎటు పోతాయి? వీటికి జవాబు వెతికేది సముద్ర గణాంకం. చేపల శాస్త్రం, సముద్ర శాస్త్రం, గణాంక శాస్త్రం, కంప్యూటర్ నాలుగూ కలిసిన చోట పుట్టిన చదువు. దీనికి ఓడ ఎక్కనక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ ఉచితం, డేటాలోనూ చాలా భాగం ఉచితం. పాడేరులో హాస్టల్ గదిలో కూర్చున్న డిగ్రీ విద్యార్థికీ, నార్వేలో పరిశోధన చేస్తున్న వాడికీ తెర మీద కనబడేది ఒకే ఫైలు. ఆ ఫైలుని నమ్మాలా, ఎంతవరకు నమ్మాలి అన్న దగ్గరే అసలు చదువు మొదలవుతుంది. మన దగ్గర నేర్పే తీరులో వెనకబడిపోతున్నదీ అదే.

చూసినవాళ్లు, కొలిచినవాళ్లు

బంగాళాఖాతపు చేపల మీద తొలినాటి పెద్ద పుస్తకాల్లో ఒకటి విశాఖపట్నంలో పుట్టింది. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ ఇక్కడ సేకరించిన రెండు వందల చేపల బొమ్మలు, వర్ణనలతో 1803లో ఆ పుస్తకం అచ్చయింది. రక్తపింజరకి ఇంగ్లిషువాళ్లు పెట్టుకున్న పేరు ఈయనదే. రస్సెల్ చేసిన మంచి పని ఏమిటంటే, చేపలకి తీరంలో జనం పిలిచే పేర్లనే రాసుకున్నాడు. అలా కానాగంత ‘కానగుర్త’గా పుస్తకానికెక్కింది. తర్వాత ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే దాన్నే శాస్త్రీయ నామంలోకి తీసుకున్నాడు. ఈ రోజు ప్రపంచంలో ఏ మూల డేటాబేస్ తెరిచినా ‘రాస్ట్రెల్లిజర్ కానగుర్త’ అనే ఉంటుంది. రస్సెల్ చేపని చూశాడు, గీయించాడు, పేరు రాశాడు. ఎన్నున్నాయని మాత్రం అడగలేదు. ఆ రోజుల్లో సముద్రం తరగదనే అందరి నమ్మకం.

కొలిచే పని నూటయాభై ఏళ్ల తర్వాత వచ్చింది. 1952లో అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఫుల్‌బ్రైట్ ఆచార్యుడిగా వచ్చాడు. వాల్తేరు తీరం ఎదుట నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలతలు వరసగా తీయించాడు. వేసవి ముందు నెలల్లో గాలి తీరం వెంబడి వీచి పైనీటిని లోపలికి నెట్టినప్పుడు అడుగు నుంచి చల్లని నీరు పైకి ఉబికి వస్తుందని ఆ కొలతలు చూపించాయి. అడుగు నీటితో పాటు పోషకాలూ పైకొస్తాయి. వాటితో నాచు, నాచుతో చిన్న చేప, చిన్న చేపతో పెద్ద చేప. ఈ తీరం మీద 1964లో ఆయన రాసిన పత్రంలో సముద్రం అడుగున ఉన్న మూడు లోయల ప్రస్తావన ఉంటుంది: ఆంధ్ర, మహదేవన్, కృష్ణ. మహదేవన్ అంటే విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్రం చెప్పిన సి. మహదేవన్ గారే. విశాఖలో పుట్టి పెరిగినవాళ్లలో తమ ఊరి ఎదుట నీళ్ల కింద ఆంధ్ర అనే లోయ ఉందని ఎందరికి తెలుసో!

రస్సెల్, లాఫాండ్‌లతో సంబంధం లేని మూడో మనిషి ఒకాయన ఇదే ఊళ్లో చదువుకున్నాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు. ప్రపంచానికి సి.ఆర్.రావు. హడగళిలో 1920లో పుట్టి, ఏవీఎన్ కాలేజీలో ఇంటర్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ పూర్తి చేసి, 1941లో కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరాడు. 1945లో, పాతికేళ్ల వయసులో, కలకత్తా గణిత సంఘం పత్రికలో ఒక వ్యాసం రాశాడు. చేతిలో ఉన్న డేటాతో ఒక సంగతిని ఎంత కచ్చితంగా అంచనా వేయొచ్చు అన్న దానికి ఒక హద్దు ఉందని అందులో నిరూపించాడు. ఎంత తెలివైన పద్ధతి వాడినా, అది పక్షపాతం లేని పద్ధతి అయితే, ఆ హద్దు దాటి కచ్చితత్వం రాదు. క్రామెర్-రావు హద్దు అంటే ఇదే. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆయనకు అంతర్జాతీయ గణాంక బహుమతి ఇచ్చినప్పుడు ముందుగా చెప్పుకున్నదీ ఈ వ్యాసం గురించే. అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశాడు.

సముద్రం మీద ఆయన పని చేయలేదు. కానీ ఇవాళ ఎవరైనా చేపల డేటాకి ఒక మోడల్ కట్టి ఫలితం తీస్తే, ప్రతి అంచనా పక్కన ‘స్టాండర్డ్ ఎర్రర్’ అని ఒక వరస వస్తుంది. ఆ వరస లెక్క కట్టే సూత్రం వెనక ఉన్నది ఈ హద్దే. మన విద్యార్థులు దాన్ని దాటేసి చివర ఉన్న నక్షత్రం గుర్తుల దగ్గరికి పోతారు. మూడు నక్షత్రాలుంటే పండగ, లేకపోతే దిగులు. పక్కనున్న ఎర్రర్ అంచనా కంటే పెద్దదిగా ఉందేమో చూసేవాళ్లు తక్కువ.

రేవులో ఆరు రోజులు

కంప్యూటర్ దగ్గరికి వెళ్లే ముందు డేటా ఎలా పుడుతుందో చూడాలి. భారత తీరంలో పట్టుబడే చేపల లెక్క తేల్చేది కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ. 1947లో మొదలైంది, ఇప్పుడు కేంద్ర కార్యాలయం కొచ్చిలో, ప్రాంతీయ కేంద్రం ఒకటి విశాఖలో ఉంది. దేశం మొత్తం మీద ప్రతి రేవులో, ప్రతి రోజూ, ప్రతి పడవనీ తూచడం అయ్యే పని కాదు. అందుకని ఎప్పుడు, ఎక్కడ చూడాలో లాటరీ తేలుస్తుంది.

నెలని పదేసి రోజుల మూడు భాగాలు చేస్తారు. మొదటి ఐదు రోజుల్లో ఒక తేదీని యాదృచ్ఛికంగా తీస్తారు. ఆ తేదీ, దాని వెనకే వచ్చే ఐదు రోజులు కలిపి ఆరు. వాటిని రెండేసి రోజుల మూడు జట్లుగా విడగొడతారు. మిగతా రెండు భాగాల్లో అవే తేదీలు పది చొప్పున జరిపి తీసుకుంటారు. జట్టులో మొదటి రోజు సిబ్బంది మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం ఆరు దాకా రేవులో ఉంటారు. రెండో రోజు పొద్దున్న ఆరు నుంచి పన్నెండు దాకా. మధ్యలో రాత్రి దిగిన సరుకు సంగతి అక్కడివాళ్లని అడిగి రాసుకుంటారు. పదిహేను పడవల లోపు వస్తే అన్నిటినీ చూస్తారు. అంతకు మించితే కొన్నిటిని ఎంచుకుంటారు.

ఈ వివరమంతా ఎందుకంటే, తెర మీద ‘విశాఖ, మార్చి, కానాగంతలు, ఇన్ని టన్నులు’ అని ఒక గడిలో కనబడే అంకె వెనక ఇంత కథ ఉంది. అది తూచిన బరువు కాదు, లాటరీ మీద కట్టిన అంచనా. లాటరీ ఎలా వేశారో తెలియకపోతే దాని మీద కట్టే మోడల్ ఎంత ఆధునికమైనదైనా పునాది లేని మేడే.

సున్నాల సముద్రం

ఇక సాధనం. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు 1990ల మొదట్లో తమ విద్యార్థుల కోసం రాసుకున్న ‘ఆర్’ భాష ఇవాళ సముద్ర జీవశాస్త్రంలో వాడుక భాష అయిపోయింది. తొలి పూర్తి స్థాయి వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. భౌతిక సముద్ర శాస్త్రంలో పైథాన్ వాటా పెరుగుతోంది. ఏది నేర్చుకోవాలని తగువు పడేవాళ్లు ఆ సమయంలో రెండూ నేర్చేసుకోవచ్చు.

కొండ ఊళ్లలో నెట్‌వర్క్ సంగతి తెలిసిందే. ఆర్‌కి ఆ బాధ తక్కువ. పాడేరులోనో, విశాఖలోనో ఒకసారి దించుకుంటే తర్వాత సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. సాధన కోసం కొన్ని డేటా ఫైళ్లు దాంతో పాటే వస్తాయి. అందులో ‘క్వేక్స్’ అని ఒకటుంది. ఫిజీ దీవుల దగ్గర వచ్చిన వెయ్యి భూకంపాల పట్టిక: అక్షాంశం, రేఖాంశం, లోతు, తీవ్రత. రేఖాంశాన్ని అడ్డంగా, లోతుని కిందికి పెట్టి గీస్తే చుక్కలు ఊరికే చెల్లాచెదురుగా పడవు. పడమటికి పోయేకొద్దీ లోతుగా దిగే ఒక వాలు తేలుతుంది. సముద్రపు అడుగు పలక భూమి లోపలికి కూరుకుపోతున్న దారి అది. ఒకే ఒక్క కమాండుతో అంత పెద్ద సంగతి కళ్ల ముందుకొస్తుంది. ఇంకొంచెం చూస్తే తీవ్రత 4 కంటే తక్కువ ఉన్నది ఒక్కటీ కనబడదు. చిన్న భూకంపాలు రాలేదని కాదు, పట్టికలోకి ఎక్కలేదు. డేటా చెప్పేదాన్నీ, చెప్పకుండా వదిలేసిందాన్నీ కలిపి చదవడం అక్కడే అలవాటు కావాలి.

చేపల దగ్గరికొస్తే కష్టం ఇంకోలా ఉంటుంది. ఊహకి ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక రోజు పది పడవలు రేవుకి వచ్చాయి. కానాగంతలు కిలోల్లో: ఆరు పడవల్లో సున్నా, తర్వాత 12, 18, 60, 410. మొత్తం 500, సగటు 50. ఆ సగటు ఏ పడవదీ కాదు. 410 కిలోల పడవ ఆ రోజు ఇంకో రేవుకి పోయి ఉంటే సగటు 10కి పడిపోయేది. ఒక్క పడవ దారి మారితే సముద్రంలో చేపలు ఐదోవంతుకి తగ్గిపోయినట్టు రిపోర్టు తయారవుతుంది.

డిగ్రీలో నేర్పే గంట ఆకారపు పంపిణీ ఇక్కడ పనికిరాదు. కానాగంతలు గుంపులుగా తిరుగుతాయి, గుంపు వలలో పడిందా, పడలేదా అన్నదే మొదటి ప్రశ్న. అందుకని పని రెండంచెల్లో చేస్తారు. అసలు పడిందా అన్న దానికి ఒక మోడల్, పడితే ఎంత అన్న దానికి మరొకటి. రెండూ ఒకే దెబ్బలో తేల్చే ట్వీడీ పంపిణీ కూడా ఉంది. కిలోలు కాకుండా తలలు లెక్కపెడితే నెగెటివ్ బైనామియల్. 1972లో నెల్డర్, వెడర్‌బర్న్ అనే ఇద్దరు ఇంగ్లండులో వేసిన సిద్ధాంతపు బాట మీదే ఇవన్నీ నడుస్తాయి.

తర్వాత శ్రమ లెక్క. 410 కిలోల పడవ ఐదు రోజులు సముద్రంలో ఉందా, ఒక పూటేనా? గంటకి ఎంత పడిందో చూడాలి. న్యాయంగానే ఉంటుంది కానీ, ఇందులో ఒక గొయ్యి ఉంది. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ కాడ్ చేప విషయంలో ట్రాలర్ల గంటవారీ పట్టుబడి బాగానే కనబడుతూ వచ్చింది. చేపలు తగ్గేకొద్దీ మిగిలినవి ఒకచోట చేరాయి, ట్రాలర్లు సరిగ్గా అక్కడికే పోయాయి. పట్టిక పచ్చగానే ఉంది. 1992 జూలై 2న కెనడా ప్రభుత్వం ఆ వేట మొత్తం ఆపేసింది. వేలాది కుటుంబాల జీవనం రాత్రికి రాత్రి పోయింది. కోడ్ సరిగ్గా రాయడం రాక జరిగిన నష్టం కాదది. ఏ అంకెని దేనికి గుర్తుగా తీసుకోవాలో తప్పిపోవడం వల్ల వచ్చింది.

ఇక పక్కపక్కనే వేసిన రెండు వలలు రెండు సాక్ష్యాలు కావు. సంతలో పది మందిని ఈ ఏడు వానలెలా ఉన్నాయని అడిగితే పది జవాబులొస్తాయి. ఆ పదిమందీ ఒకే ఊరి నుంచి జీపెక్కి వచ్చినవాళ్లయితే వచ్చింది ఒక్క జవాబే. సముద్ర డేటాలో చాలా భాగం ఆ జీపు బాపతే. ఈ సంగతి మోడల్‌కి చెప్పకపోతే అది పదీ లెక్కేసుకుని లేని ధైర్యం చూపిస్తుంది. నక్షత్రాలు వాటంతటవే వచ్చేస్తాయి. పరీక్షించేటప్పుడూ అంతే, అక్కడో చుక్క ఇక్కడో చుక్క దాచిపెట్టి మోడల్‌ని అడిగితే పక్క చుక్కని చూసి చెప్పేస్తుంది. ఒక ఏడాది మొత్తాన్నో, తీరంలో ఒక ముక్క మొత్తాన్నో దాచి అడగాలి. అప్పుడు దాని బండారం బయటపడుతుంది.

నవంబరులో తగ్గే ఉప్పు

వంకర గీతల మోడళ్లు, అంటే జీఏఎమ్‌లు, ఈ రంగంలో అందరికీ ఇష్టం. చేపకీ ఉష్ణోగ్రతకీ సంబంధం తిన్నని గీత కాదు. ఒక హద్దు దాకా వేడి ఇష్టం, దాటితే కష్టం. సైమన్ వుడ్ రాసిన ఎమ్‌జీసీవీ ప్యాకేజీ ఆ వంకరని డేటా నుంచే తీస్తుంది. ఆర్‌ని దించుకున్నప్పుడే అదీ వస్తుంది, వేరే తెచ్చుకోనక్కర్లేదు.

అయితే ఇది మోసం చేసే చోటు కూడా ఉంది. భీమిలి ఎదుట ఏడాది పొడుగునా ఉప్పదనం కొలిచారనుకోండి. అక్టోబరు దాటాక తగ్గుతుంది. గోస్తని వరదలూ ఇంచుమించు ఆ రోజుల్లోనే. రెండు గీతలూ పక్కపక్కన పెడితే ముచ్చటగా సరిపోతాయి. గోస్తని సముద్రాన్ని తియ్యబరుస్తోందని రాసేయాలనిపిస్తుంది. నిజానికి గోస్తని చిన్న నది. వాన కాలం వెళ్లేటప్పటికి తూర్పు తీరపు ప్రవాహం దిశ మార్చుకుని ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. గంగ, బ్రహ్మపుత్ర సముద్రంలో కుమ్మరించిన మంచినీరు ఆ ప్రవాహంతో మన తీరం వెంబడే దిగుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా అదే ప్రవాహం ఎదురు తిరిగి ఉత్తరానికి పోతుంది. ఇవన్నీ కేలండరుతోనే కదులుతాయి కాబట్టి దేని ప్రభావం ఎంతో మోడల్‌కి తెలియదు, తెలిసిన మనిషి చెప్పాలి. అందుకే ఈ పనికి గణితం ఒక్కటే వచ్చినవాళ్లూ, సముద్రం ఒక్కటే తెలిసినవాళ్లూ సగం సగమే.

సముద్రం లోపలి కొలతలకి ఇప్పుడు ఆర్గో అనే తేలే పరికరాలున్నాయి. ప్రపంచ సముద్రాల్లో సుమారు నాలుగు వేలు. ఒక్కొక్కటీ వెయ్యి మీటర్ల లోతున తేలుతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్లకి దిగి, పైకొస్తూ దారి పొడుగునా ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచి ఉపగ్రహానికి పంపిస్తుంది. మన దేశంలో ఈ డేటా చూసుకునేది హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్. సముద్రానికి అంత దూరంలో సముద్ర కేంద్రమేమిటని అందరూ నవ్వే మాటే కానీ, 1999లో మొదలైన ఆ సంస్థలో 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం నడుస్తోంది. సముద్ర డేటాతో పనిచేయడం నేర్పే అంతర్జాతీయ శిక్షణ కేంద్రమూ అదే ఆవరణలో ఉంది.

ఇన్‌కాయిస్ పేరు తీరంలో అందరికీ తెలిసింది చేపల సూచనలతోనే. ఉపగ్రహం చూపే నీటి వేడి, నాచు పచ్చదనం కలిపి చేపలుండే అవకాశమున్న చోట్లని తెలుగులోనూ చెబుతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న రోజుల్లో మాత్రం ఇవ్వరు. విద్యార్థికి ఇదొక చక్కని అభ్యాసం. సూచన పాటించిన పడవలకి ఎక్కువ చేప పడితే సూచన మంచిదని తేల్చేయొచ్చా? పాటించేవాళ్లకి మంచి ఇంజనుండొచ్చు, జీపీఎస్ ఉండొచ్చు, అనుభవమున్న సరంగు ఉండొచ్చు. ఒకే పడవ పాటించిన రోజుని పాటించని రోజుతో పోల్చాలి. దానికి తోడు వానాకాలంలో మబ్బు పట్టి ఉపగ్రహానికి నీళ్లే కనిపించని రోజులుంటాయి. ఆ ఖాళీలు మనం కోరుకున్నట్టు యాదృచ్ఛికంగా రావు, ఒక రుతువులోనే గుట్టగా వస్తాయి. ఇంత జాగ్రత్త పడ్డాక కూడా సూచనలు పనికొస్తాయనే తేలితే ఆ మాటకి బరువుంటుంది.

కొండ మీద ఏం పని?

అల్లూరి సీతారామరాజు జిల్లా కుర్రాడు కానాగంతల లెక్క నేర్చుకుని ఏం చేస్తాడన్నది న్యాయమైన ప్రశ్నే. దారులు లేకపోలేదు. విజయనగరం జిల్లాలో 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మొదలైంది. విశాఖలో సముద్రానికి సంబంధించిన కేంద్ర సంస్థలు వరసగా ఉన్నాయి. ఉద్యోగాల సంఖ్య పెద్దదని ఆశ పెట్టడం నాకిష్టం లేదు, అది పెద్దది కాదు. పుస్తకాలు దాదాపు అన్నీ ఇంగ్లిషులోనే ఉండటం తెలుగు మీడియం పిల్లలకి ఇప్పటికీ గోడే. కమాండ్ల కంటే ఆ గోడే ఎక్కువ ఎత్తు.

కానీ ఈ విద్య సముద్రం దగ్గరే ఆగదు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు అరబికా కాఫీ తోటల్లో 2025లో కాయ తొలుచు పురుగు బయటపడింది. ఎన్ని తోటలకి పాకిందో తేల్చాలంటే కొమ్మకి ఎన్ని కాయలు పుచ్చాయో లెక్కపెట్టాలి. ఎక్కువ కొమ్మల్లో సున్నా వస్తుంది, ఒక్క కొమ్మలో గుత్తులకి గుత్తులే. పక్కపక్క చెట్లు ఒకే కథ చెబుతాయి. రోడ్డుకి దగ్గరున్న తోటలే ముందు పరీక్షకి దొరుకుతాయి, గెడ్డ దాటి నడిచి వెళ్లాల్సినవి పట్టికలోకే రావు. రేవులో పది పడవల లెక్క చేతికొచ్చిన పిల్లకి ఈ ఫైలు కొత్తగా ఉండదు. పడవ అన్న చోట చెట్టు అని రాసుకుని, నెగెటివ్ బైనామియల్ మోడల్ కట్టి, మొదట అడగాల్సిన ప్రశ్న వ్యవసాయాధికారిని అడుగుతుంది: ఈ చెట్లని ఎవరు ఎంచారు సార్, ఎలా ఎంచారు?